పాత కార్ల రిపేర్ మాన్యువల్: ఏది వెతకాలి, ఎక్కడ దొరుకుతుంది, దొరికాక ఎలా వాడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కర్నూల్లో ఉంటారు. ఇంట్లో 1994 మారుతి 800 ఒకటి, మామగారి తరఫున వచ్చిన ప్రీమియర్ పద్మిని ఒకటి ఉన్నాయి. చిన్నచిన్న పనులైనా సొంతంగా చేసుకోవాలని ఉంది, ఇంగ్లీషు మాత్రం అంతగా రాదు. మాన్యువల్ ఎక్కడ దొరుకుతుంది, నెట్‌లో తిరిగే పీడీఎఫ్‌లను నమ్మొచ్చా అని అడిగారు. షెడ్డులో మేస్త్రి "బుక్కుతో పనేముంది సార్, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతాది" అంటున్నాడు, అది నిజమేనా అన్నది మూడో ప్రశ్న.

ముందు సూటి జవాబు. రెండు బండ్లకూ మాన్యువల్ ఉంది. మారుతికి సుజుకి వాళ్ల ఎస్‌బి308 (మీ బండి మోడల్ కోడ్) సర్వీస్ మాన్యువల్, దాంతోపాటు మారుతి విడిభాగాల కేటలాగ్ వెతకండి. పద్మినికి ఫియట్ 1100డి వర్క్‌షాప్ మాన్యువల్ పనికొస్తుంది, కానీ ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ వరకే. కరెంటు సామాను, కార్బొరేటర్, బ్రేకుల దగ్గర ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, ఇక్కడ తయారైన ఆ భాగం ఎవరిదో చూసి దాని లెక్క పట్టుకోవాలి. పీడీఎఫ్‌లను నమ్మొచ్చు, అయితే అంకెలను మాత్రం సరిచూసుకున్నాకే. మేస్త్రి మాట సగం నిజం. లోపం ఎక్కడుందో అనుభవం ఉన్న చెవి, చెయ్యి పట్టేస్తాయి. ఎంత గ్యాప్, ఎంత బిగింపు, ఏ వరుస అన్నవి చేత్తో తెలిసేవి కావు.

మొదట మీ దగ్గరున్నది ఏ ఇంజనో తేల్చుకోండి

వెతకడం మొదలెట్టే ముందు ఆర్‌సి తీసి, అందులోని ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన వాటితో పోల్చండి. ఆర్‌సిలో రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారైన నెల, సంవత్సరం వేరు. మాన్యువల్‌కు కావలసింది తయారైన తేదీ. డిసెంబరులో తయారై మార్చిలో రిజిస్టరైన బండికి మోడల్ మారిపోయి ఉండొచ్చు.

మారుతి 800 అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి బండి ఎస్‌ఎస్80. 1986లో వచ్చిన రెండో బాడీ ఎస్‌బి308. రెండింటిలోనూ 796 సీసీ మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజనే, కానీ బాడీ, వైరింగ్, చాలా ఫిట్టింగులు వేరు. 2000 ప్రాంతంలో అదే 796 సీసీలో పన్నెండు వాల్వుల ఎఫ్8డి కూడా వచ్చింది. ఎఫ్8బిలో సిలిండర్‌కు రెండు వాల్వులు, ఎఫ్8డిలో నాలుగు. సీసీ ఒకటే కదా అని ఒకదాని పుస్తకం పెట్టుకుని రెండోదాని హెడ్ (సిలిండర్ల పైమూత) బిగిస్తే పని చెడుతుంది. మీది 1994 కాబట్టి కార్బొరేటర్ ఉన్న ఎఫ్8బి అయి ఉండాలి. ఇంజన్ నంబర్ మొదట్లోనే ఆ అక్షరాలు కనిపిస్తాయి.

ఇంకో చిక్కు, ఇంజన్ మార్పిడి. ఓమ్ని వ్యానులో కూడా ఎఫ్8బి ఉంది, కానీ అక్కడ అది ముందు సీట్ల కింద నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. కారులో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్ని ఇంజన్ నుంచి భాగాలు తెచ్చి కారులో వేసిన బండ్లు తిరుగుతూనే ఉంటాయి. మాటడార్ డీజిల్ ఇంజన్ దించిన అంబాసిడర్ల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఇంజన్‌కు ఒక పుస్తకం, బండికి ఒక పుస్తకం కావాలి. పద్మినిలో పెట్రోల్ ఇంజన్ 1089 సీసీ. 137డి అని ఉంటే అది డీజిల్, దానికి ఫియట్ 1100 పుస్తకంలో ఇంజన్ భాగం పనికిరాదు.

పుస్తకాలు నాలుగు రకాలు, నాలుగూ వేరు పనులకు

ఓనర్స్ మాన్యువల్: డ్యాష్‌బోర్డులో పడి ఉండే చిన్న పుస్తకం. ఆయిల్ ఎంత పడుతుంది, టైరులో గాలి ఎంత, ఫ్యూజు ఏది ఎక్కడ, జాకీ ఎక్కడ పెట్టాలి అన్నవి ఉంటాయి. దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, మీరనే చిన్న పనుల్లో చాలావాటికి ఇదే చాలు.

సర్వీస్ మాన్యువల్ లేదా వర్క్‌షాప్ మాన్యువల్: కంపెనీ తన మెకానిక్‌ల కోసం రాసింది. విప్పే వరుస, బిగింపు, అరుగుదల హద్దులు ఇందులోనే ఉంటాయి. నిజంగా కావలసింది ఇది.

విడిభాగాల కేటలాగ్: ఒక్కో భాగాన్నీ విడదీసి బొమ్మ వేసి, పక్కన నంబర్లు ఇస్తుంది. బిగింపు అంకెలు ఉండవు. అయినా ఏ వాషర్ ఏ స్ప్రింగ్ ముందు, ఏ సీల్ ఎటు తిరిగి అన్నది సర్వీస్ మాన్యువల్ కన్నా ఇందులోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు అంతగా రాదన్నారు కాబట్టి మీకు ముందు ఉపయోగపడేది ఇదే. సుజుకి పార్ట్ నంబర్‌లో మొదటి ఐదు అంకెలు ఆ భాగం ఏ జాతిదో చెబుతాయి. ఉదాహరణకు 16510తో మొదలైతే ఆయిల్ ఫిల్టర్. ఇక్కడ తయారైన వాటికి ఆ ఐదు అంకెల తర్వాత 'ఎం' అక్షరం పడుతుంది. ఈ ఒక్కటి తెలిస్తే కౌంటర్ దగ్గర తప్పు భాగం అంటగట్టడం కష్టం.

నాలుగోది బయటి ప్రచురణకర్తల పుస్తకం. బ్రిటన్‌లో హేన్స్, అమెరికాలో చిల్టన్ లాంటివి. ఇంట్లో పని చేసుకునేవాళ్ల కోసం ఫొటోలతో రాస్తారు, ప్రత్యేక పనిముట్లు లేకుండా ఎలా చేయాలో చెబుతారు. అయితే వీటిలో "తీసిన వరుసకు తిరగేసి బిగించండి" అన్న వాక్యం పదేపదే వస్తుంది. ఆ ఒక్క ముక్క వెనక ఎన్నో జాగ్రత్తలు దాగుంటాయి. కంపెనీ పుస్తకం కూడా పక్కన ఉంటేనే మంచిది.

మన పాత బండ్లకు బయటి పేర్లు

మన దేశంలో తయారైన పాత కార్లలో చాలావాటికి విదేశంలో ఒక తోబుట్టువు ఉంది. ఇక్కడి పేరుతో వెతికితే ఏమీ రాదు, అక్కడి పేరుతో వెతికితే కుప్పలు.

అంబాసిడర్‌కు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ కాబట్టి ఆ ఇంజన్ వాడిన ఇతర బ్రిటిష్ కార్ల పుస్తకాలూ ఇంజన్ వరకు పనికొస్తాయి. 1990లలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌లో ఇసుజు ఇంజన్. బాడీ అంతా అంగుళాల నట్లు, ఇంజన్ మిల్లీమీటర్ల నట్లు. పానాల సెట్లు రెండూ పట్టుకుని కూర్చోవాలి. ప్రీమియర్ 118 ఎన్‌ఈ బాడీ ఫియట్ 124 కుటుంబం, ఇంజన్ నిస్సాన్ ఏ12. ఆ ఇంజన్‌కు డాట్సన్ 1200 పుస్తకం చూడండి. జిప్సీ అంటే 970 సీసీ అయితే ఎస్‌జె410, 1.3 అయితే ఎస్‌జె413. స్టాండర్డ్ హెరాల్డ్‌కు ట్రయంఫ్ హెరాల్డ్. మహీంద్రా పాత జీపుకు విల్లీస్ సీజే3బి, అదీ గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిళ్ల వరకు. ఇంజన్ ప్యూజో డీజిల్ అయితే అది వేరే పుస్తకం.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. యూరప్‌లో 1990లలో 'సుజుకి ఆల్టో' పేరుతో అమ్మింది ఇక్కడి మారుతి జెన్. మీరు 800 కోసం 'ఆల్టో' అని వెతికితే జెన్ పుస్తకం చేతికొస్తుంది. అందులోది 993 సీసీ, నాలుగు సిలిండర్లు. అలాగే ఎస్టీమ్‌కు అమెరికాలో జియో మెట్రో పుస్తకం సరిపోతుందని చెబుతుంటారు. మెట్రోల్లో ఎక్కువ భాగం మూడు సిలిండర్లవి, ఎస్టీమ్‌లో ఉన్నది నాలుగు సిలిండర్ల 1298 సీసీ. పేరు చూసి కాదు, ఇంజన్ కోడ్, సీసీ, సిలిండర్ల సంఖ్య మూడూ కలిశాకే డౌన్‌లోడ్ చేయండి.

ఎక్కడ వెతకాలి

నెట్‌లో మొదట చూడాల్సింది ఇంటర్నెట్ ఆర్కైవ్. స్కాన్ చేసిన పాత మాన్యువల్స్ అక్కడ బోలెడు. బండి పేరుకు బదులు ఇంజన్ కోడ్‌తో, ఆపై మోడల్ కోడ్‌తో వెతకండి. సుజుకి సర్వీస్ మాన్యువల్ అట్ట మీద ఉండే పుస్తకం నంబర్ 99500తో మొదలవుతుంది. ఆ నంబర్‌తో కలిపి వెతికితే అసలు కంపెనీ పుస్తకం త్వరగా పైకొస్తుంది. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ యజమానుల సంఘాలూ, ఇటలీలో పాత ఫియట్ అభిమానులూ చాలా పేజీలు భద్రం చేశారు. మాన్యువల్‌కు ముందు ఏదో 'డౌన్‌లోడర్' ప్రోగ్రాం దించుకోమన్న సైటు నుంచి వెంటనే బయటికి రండి. మాన్యువల్ అంటే పీడీఎఫ్ లేదా బొమ్మల ఫైలు, దానికి ప్రోగ్రాం అక్కర్లేదు. డబ్బు కట్టి కొనేటట్టయితే విషయసూచిక, ఏదో ఒక బిగింపు పట్టిక ముందే చూపించమనండి.

కాగితం పుస్తకమే కావాలంటే హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వరుసలు, బెంగళూరు అవెన్యూ రోడ్డు. బెంగళూరు వెళితే జేసీ రోడ్డులో పాత బండ్ల సామాను దుకాణాలనూ అడగండి. కౌంటర్ వెనక నూనె మరకలతో ఉండే కేటలాగ్ అమ్మరు గానీ, ఫొటో తీసుకోనిచ్చేవాళ్లు ఉంటారు. మన ఊళ్లలో ఐటీఐ, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విభాగాల లైబ్రరీలు మరిచిపోవద్దు. అంబాసిడర్, పద్మిని, జీపు మీదే చాలాకాలం పాఠాలు చెప్పారు కాబట్టి అటకెక్కిన పుస్తకాలు దొరికే చోటు అది.

పీడీఎఫ్‌లోని అంకెలను ఎలా సరిచూడాలి

స్కాన్‌లో పోయేది ఎప్పుడూ చుక్కే. 0.15 అన్నది 015 అవుతుంది, 5.5 అన్నది 55 అవుతుంది, మసక ముద్రణలో 3ను 8 అని చదువుతాం. అదృష్టవశాత్తు చాలా మాన్యువల్స్ ఒకే బిగింపును మూడు కొలతల్లో ఇస్తాయి: న్యూటన్ మీటర్, కేజీ మీటర్, పౌండ్ అడుగు. ఒక కేజీ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు, 7.23 పౌండ్ అడుగులు. బి-సిరీస్ హెడ్ నట్ల బిగింపు 40 పౌండ్ అడుగులు. అంటే 5.5 కేజీ మీటర్లు, 54 న్యూటన్ మీటర్లు. మీ కాపీలో మూడింటిలో ఒకటి పొత్తు కుదరకపోతే అచ్చుతప్పో స్కాన్‌తప్పో ఉన్నట్టే. రెండు కుదిరినవాటిని పట్టుకోండి.

కొలత పేరు కూడా జాగ్రత్తగా చదవాలి. కేజీ సెంటీమీటర్‌లో 550 అంటే కేజీ మీటర్‌లో 5.5. పౌండ్ అంగుళం, పౌండ్ అడుగు మధ్య తేడా 12 రెట్లు. ఆయిల్ పాన్ చుట్టూ ఉండే చిన్న బోల్టులకు అంగుళాల్లో ఇచ్చిన అంకెను అడుగులుగా చదివితే బోల్టు తెగి బ్లాకులోనే ఉండిపోతుంది. దాన్ని తీయించేసరికి లేత్ షాపులో పూట గడుస్తుంది.

పాత బ్రిటిష్ పుస్తకాల్లో గ్యాపులు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి, షెడ్డు భాషలో 'థౌ'. పదిహేను థౌ అంటే 0.38 మి.మీ. ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే సన్నని రేకుల కట్ట) కొనేటప్పుడు రెండు కొలతలూ అచ్చు వేసినది కొనండి, లెక్క తప్పదు.

కావలసిన పేజీలే ప్రింట్ తీయించండి. వైరింగ్ బొమ్మను ఏ3 సైజులో తీయిస్తేనే గీతలు విడివిడిగా కనిపిస్తాయి. పేజీల్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకోండి, గ్రీజు చేతులతో తిప్పినా చదవొచ్చు. ఫోను పెట్టుకుని పని చేస్తే రెండు నిమిషాలకోసారి తెర ఆరిపోతుంది, చెయ్యి తుడుచుకోవడంతోనే సరిపోతుంది.

పుస్తకం ముందు పెట్టుకుని పని చేయడం

బోల్టు మీద పానా పెట్టకముందే ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చివరిదాకా చదవండి. చదువుతూ మూడు చీటీలు రాసుకోండి. ఒకటి, మళ్లీ వాడకూడని భాగాలు: గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, రాగి వాషర్లు, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు. ఇవి తెచ్చుకోకుండా విప్పితే బండి ఇంటి ముందు వారం కూర్చుంటుంది. రెండు, బిగింపు అంకెలు. మూడు, ప్రత్యేక పనిముట్లు. మూడో చీటీ చూసి హడలిపోవద్దు. పుల్లర్లు, సీల్ దింపే గొట్టాలు లాంటివి బొమ్మ చూపిస్తే లేత్ షాపులోనే చేసిపెడతారు.

సుజుకి పుస్తకాల్లో అధ్యాయాలకు అంకె, అక్షరం ఉంటాయి. 1990ల నుంచి వచ్చిన వాటిలో 0బి సర్వీస్ షెడ్యూలు, 6ఏ ఇంజన్, 6బి కూలింగ్, 6ఎఫ్ ఇగ్నిషన్, 7ఏ గేర్‌బాక్స్, 7సి క్లచ్, 5 బ్రేకులు, 8 కరెంటు. ఈ వరుస ఒకసారి పట్టుబడితే సుజుకి బండి ఏదైనా పేజీ వెతుక్కోవడం తేలిక.

'స్టాండర్డ్', 'లిమిట్' అని రెండు గడులుంటాయి. మొదటిది కొత్త భాగం కొలత. రెండోది అది దాటితే మార్చేయాల్సిన హద్దు. పాత బండి భాగం స్టాండర్డ్‌లో లేదని కంగారుపడి అన్నీ మార్చేసేవాళ్లున్నారు, లిమిట్ దాటినా "ఇంకా నడుస్తాది" అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు గడుల మధ్య ఎక్కడుందో కొలిచి, తేదీతో మార్జిన్‌లో రాసి పెట్టండి. వచ్చేసారి కొలిచినప్పుడు అరుగుదల ఎంత వేగంగా ఉందో తెలుస్తుంది.

వాల్వు గ్యాప్ దగ్గర మన ఎండ సమస్య. సుజుకి పుస్తకాల్లో ఈ గ్యాప్‌కు 'చల్లగా', 'వేడిగా' అని రెండు విలువలు ఉంటాయి. చల్లగా అంటే కూలెంట్ 15 నుంచి 25 డిగ్రీలు. కర్నూల్లో మే నెల తెల్లవారుజామున కూడా ఇంజన్ 25 డిగ్రీలకు దిగదు. మధ్యాహ్నం షెడ్డు రేకుల కింద, బండి నడపలేదు కదా అని చల్లటి విలువకు సెట్ చేస్తే ఆ లెక్క తప్పు. వేసవిలో అయితే వేడి విలువే వాడండి: 60 నుంచి 68 డిగ్రీలు అని పుస్తకం చెప్పే దాకా ఇంజన్ తిప్పి, ఆపి, ఆలస్యం చేయకుండా కొలవండి. లేదా ఆ పని చలికాలం ఉదయానికి వాయిదా వేయండి. మూడు సిలిండర్ల 800లో ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే వరుస) 1-3-2, ఒకటో సిలిండర్ టైమింగ్ బెల్టు వైపుది. అంబాసిడర్‌లో 1-3-4-2, ఒకటోది రేడియేటర్ వైపు.

హెడ్ బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో. విప్పేటప్పుడు బయటి నుంచి మధ్యకు, అదీ విడతల్లోనే. అడుగు మూసి ఉన్న బోల్టు రంధ్రంలో ఆయిలో నీళ్లో నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, బ్లాకు చీలిపోవచ్చు. ముందు రంధ్రాలను గాలితో ఊది, గుడ్డతో ఆరబెట్టండి. పుస్తకం పొడి మర అంటే పొడిగానే, ఆయిల్ రాయమంటే రాసే బిగించాలి. అదే అంకెకు ఆయిల్ రాసిన మర ఎక్కువ లాగుతుంది. టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) ఎప్పుడూ విప్పొద్దు, పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠ విలువకు దించి పెట్టండి.

800లో టైమింగ్ బెల్టు మారిస్తే గుర్తులు కలిపి బిగించాక, ప్లగ్గులు తీసి, క్రాంకును పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయేమో చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోవాలి. చాలామంది ఈ రెండు చుట్లు తిప్పకుండా నేరుగా తాళం తిప్పేస్తారు.

కార్బొరేటర్ మీది ప్లస్ గాడి స్క్రూలు జపాన్ ప్రమాణంవి. బజారులో దొరికే మామూలు స్క్రూడ్రైవర్ జారి గాడిని కొరికేస్తుంది. జపాన్ ప్రమాణం స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

బండి కింద దూరే పనైతే పుస్తకంలో చూపిన జాకింగ్ పాయింట్ల కింద ఇనుప స్టాండ్లు ఉండి తీరాలి. మన వైపు ఇంటింటా నాపరాళ్లు ఉంటాయని వాటిని పేర్చి బండి నిలబెడతారు. నాపరాయి పొరలుగా చీలే రాయి. దాని కింద మనిషి దూరకూడదు.

పుస్తకం రాసినప్పటికీ ఇప్పటికీ మారినవి

పెట్రోల్: దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. అంతకుముందు పుస్తకాల్లో సీసం పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని రాశారు. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ డయాఫ్రం, పంపు డయాఫ్రం దీనికి మెత్తబడతాయి, ఉబ్బుతాయి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలని పద్మినిలాంటి బండి ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. పుస్తకంలో ఈ ముక్క ఉండదు. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చి, బండి నిలబెట్టేటప్పుడు కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయండి. ఇగ్నిషన్ టైమింగ్ పట్టికల్లో హై కంప్రెషన్, లో కంప్రెషన్ అని రెండు వరుసలుంటే మీ ఇంజన్ ఏదో తెలుసుకున్నాకే ఆ అంకె వాడండి.

కూలింగ్: విదేశీ పుస్తకాల్లో యాంటీఫ్రీజ్ గురించి చలికాలం కోసమని రాస్తారు. ఇక్కడ గడ్డకట్టే భయం లేదు కదా అని బోరు నీళ్లు పోసేస్తారు. అనంతపురం, కర్నూలు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా పేరుకుంటుంది. కూలెంట్ తుప్పునూ ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతనూ పెంచుతుంది. డిస్టిల్డ్ నీళ్లలో కలిపి పోయండి. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే అదే పీడనం మూత వేయాలి. ఆ పీడనం నిలబడితేనే వట్టి నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు.

ఎండలకు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు) పీకేయడం మన షెడ్లలో ఆనవాయితీ. ఇది మానాలి. ఇంజన్ పని చేయాల్సిన వేడికి రాక మసి పట్టి, ఆయిల్ పాడై, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని పాత ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది థర్మోస్టాట్ స్లీవే. దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పూర్తిగా పోక అడ్డదారిలో తిరిగి బండి ఇంకా వేడెక్కుతుంది. అనుమానం ఉంటే పుస్తకం చెప్పే పరీక్ష చేయండి: గిన్నెలో నీళ్లు పోసి, దారంతో థర్మోస్టాట్ వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి మరిగించండి. దాని మీద అచ్చు వేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలైతే అది మంచిదే, బండి వేడెక్కడానికి కారణం వేరే చోట ఉంది.

దుమ్ము: షెడ్యూలులో మామూలు వాడకానికి ఒక వరుస, 'సివియర్ కండిషన్స్'కు ఒక వరుస ఉంటాయి. బేతంచెర్ల, తాడిపత్రి రాయి పాలిష్ యూనిట్ల దారుల్లో తిరిగే బండి నిస్సందేహంగా రెండో వరుసే. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ రెండూ త్వరగా మారాలి.

గేర్ ఆయిల్: పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-5 ఇంకా మేలని పోయొద్దు. అందులోని రసాయనాలు కొన్ని పాత గేర్‌బాక్సుల ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 3 అన్నచోట డాట్ 4 పోయొచ్చు, సిలికాన్ రకం డాట్ 5 మాత్రం కాదు.

పాత పుస్తకాల్లో కొన్ని సలహాలు ఇప్పుడు పాటించకూడదు. బ్రేక్ డ్రమ్ములోని పొడిని గాలితో ఊదమంటారు. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయండి. భాగాలను పెట్రోల్‌తో కడగమన్నా వద్దు, కిరోసినో డీజిలో చాలు.

పద్మిని దగ్గర ప్రత్యేకంగా

ఫియట్ పుస్తకంలోని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది) ఇటలీది. మీ బండిలో లూకాస్-టీవీఎస్ ఉంటే పాయింట్ల గ్యాప్ ఆ కంపెనీ లెక్క ప్రకారం పెట్టాలి. పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు సాధారణంగా 14 నుంచి 16 థౌ, అంటే 0.35 నుంచి 0.40 మి.మీ. డైనమో, ఆల్టర్నేటర్, స్టార్టర్ సంగతీ ఇంతే. కార్బొరేటర్ జెట్ల (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) మీద అంకెలు చెక్కి ఉంటాయి, భూతద్దంతో చూసి రాసుకోండి. ఎవరో ఎప్పుడో వేరే జెట్ వేసి ఉంటే ఎంత ట్యూనింగ్ చేసినా పుస్తకం చెప్పినట్టు నడవదు.

ఇటలీ బొమ్మల్లో స్టీరింగ్ ఎడమవైపు. పెడళ్లు, స్టీరింగ్ రాడ్లు అద్దంలో చూసినట్టు తిరగేసి ఊహించుకోవాలి. 'ఎడమ', 'కుడి' అన్నది డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే వచ్చే ఎడమ, కుడి. బానెట్ ముందు నిలబడి చూస్తే వచ్చేవి కావు.

వైరింగ్ బొమ్మ దొరికినా తీగ రంగునే నమ్మి కనెక్షన్ ఇవ్వకండి. బ్రిటిష్ లూకాస్ పద్ధతిలో గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. సుజుకి లెక్క దీనికి పూర్తిగా వేరు, అక్కడ రెండు రంగులు రాస్తే మొదటిది తీగ రంగు, రెండోది చార. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు పడి, ఎన్ని అతుకులు వేశారో తెలియదు కాబట్టి మల్టీమీటర్‌తో చూశాకే కలపండి. ఇక పాత బ్రిటిష్ పుస్తకాల్లో కొన్ని బండ్లకు బ్యాటరీ ప్లస్ ఎర్త్ అయి ఉంటుంది. అంబాసిడర్ మీద పని చేసేవాళ్లు బాడీకి బిగించింది ఏ టెర్మినలో చూడకుండా ఆల్టర్నేటరో, స్టీరియోనో కలిపితే డయోడ్లు కాలిపోతాయి.

మేస్త్రితో, లేత్ షాపుతో

పుస్తకం పట్టుకెళ్లి ఆయనతో వాదానికి దిగితే పని కాదు. బిగింపు అంకెలు, గ్యాపులు ఒక కాగితం మీద తెలుగులో రాసి "అన్నా, ఈ లెక్కకు పెట్టి ఇస్తావా" అని చేతికివ్వండి. చాలామంది సంతోషంగా చేస్తారు. అరిగిన సిలిండర్‌ను పెద్దది చేసే బోరింగ్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం గట్టిగా ఉండాలి. సిలిండర్‌ను పైన, మధ్య, కింద, ఒక్కో చోటా రెండు దిక్కుల్లో, మొత్తం ఆరు కొలతలు తీయాలి. సుజుకి ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50 మి.మీ. అంబాసిడర్‌కు 10, 20, 30, 40 థౌ. కొత్త పిస్టన్లు కొని ముందుగా షాపులో ఇచ్చేయండి. పిస్టన్‌ను కొలిచి, దానికి పుస్తకంలోని క్లియరెన్స్ (పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఖాళీ) కలిపి బోరు చేయాలి. పిస్టన్ రాకముందే "ఇరవై థౌ కొట్టేశాం" అంటే ఆ క్లియరెన్స్ ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు.

మీ 800కు ఇప్పటికి ఓనర్స్ మాన్యువల్, కేటలాగ్‌లోని ఇంజన్, బ్రేకుల పేజీలు, సర్వీస్ మాన్యువల్‌లో 0బి, 6ఎఫ్, 5 చాలు. పాత ముద్రణ దొరికి అధ్యాయాల నంబర్లు వేరుగా ఉంటే విషయసూచికలో అవే పేర్లతో చూసుకోండి. పద్మినికి వెతికే ముందు డిస్ట్రిబ్యూటర్ మీది చిన్న ప్లేటు, కార్బొరేటర్ మీద పోతపోసిన అక్షరాలు, ఇంజన్ నంబర్ మూడింటి ఫొటోలు ఇక్కడ పెట్టండి. ఏ పేజీలు ఆ బండికి వర్తిస్తాయో, ఏవి వదిలేయాలో అవి చూశాక చెబుతాను.